ఆరు మానిటర్లకు రెండో గ్రాఫిక్స్ కార్డు పెట్టాలా, వద్దా?

హైదరాబాద్ సభ్యుడు (ప్రశ్న):
నేను ఇంటి నుంచే షేర్ల ట్రేడింగ్ చేస్తాను. నా ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు నాలుగు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు తగిలించాను. ఆ కార్డు అంతకు మించి తీసుకోదు. చార్టుల కోసం ఇంకో రెండు కావాలి. అటక మీద పాత జీటీ 710 ఒకటి ఉంది. దాన్నే రెండో స్లాట్‌లో పెట్టమని షాపతను అంటున్నాడు, రెండు కార్డులకు పొసగదని మా తమ్ముడు వాదిస్తున్నాడు. ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరు.

విజయవాడ సభ్యుడు:
తమ్ముడి మాటే వినండి. జీటీ 710 కెప్లర్ అనే పాత తరానిది. ఆ తరానికి తయారీ సంస్థ ఎన్విడియా ఇచ్చే డ్రైవర్లు (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) 470 శ్రేణితో ఆగిపోయాయి. 4060ని గుర్తించే డ్రైవర్లన్నీ ఆ తరువాత వచ్చినవే. రెండింటికీ సరిపోయే డ్రైవర్ లేదు. ఒకే పోర్టుకు పలు మానిటర్లు తగిలించే ఎమ్‌ఎస్‌టీ హబ్ కొందామనుకున్నా లాభం లేదు, ఎందుకంటే అది పోర్టును చీలుస్తుందే గాని కార్డుకున్న నాలుగు మానిటర్ల పరిమితిని పెంచదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే మదర్‌బోర్డు పోర్టులే వాడుకోండి.

బెంగళూరు సభ్యుడు:
విజయవాడ వారు చెప్పింది ఆ పాత కార్డు దోషం, రెండు కార్డుల పద్ధతి దోషం కాదు. విండోస్ విస్టాలో కార్డులన్నీ ఒకే డ్రైవర్‌తో నడవాలన్న నియమం ఉండేది. విండోస్ 7తో నియమం పోయింది గాని భయం పోలేదు. 4060 డ్రైవరే చాలే జీటీఎక్స్ 1650ని సెకండ్ హ్యాండ్‌లో కొని పెట్టుకోవచ్చు. ఎస్‌ఎల్‌ఐ బ్రిడ్జి గురించి ఎవరైనా చెబితే పట్టించుకోకండి. అది ఆటల్లో ఒకే దృశ్యాన్ని రెండు కార్డులు పంచుకుని గీయడానికే.

విజయవాడ సభ్యుడు:
అసలు చిక్కు అక్కడ లేదండీ. ఒక కార్డు గీసిన విండోను రెండో కార్డు మానిటర్ మీదికి లాగితే, ప్రతి ఫ్రేమునూ అటు నకలు చేయాలి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము ఒక్కటి సుమారు 8.3 మెగాబైట్లు, సెకనుకు 60 చొప్పున దాదాపు 500 మెగాబైట్లు. కార్డు కూర్చునే పీసీఐఈ 3.0 స్లాట్‌లో ఒక్క లేన్ (డేటా వెళ్లే దారి) సెకనుకు 985 మెగాబైట్ల వరకు మోస్తుంది కాబట్టి సరిపోతుంది గాని, 4కే మానిటర్ అయితే దానికి నాలుగింతలు, అంటే ఒక్క లేన్ స్లాట్ చాలదు.

బెంగళూరు సభ్యుడు:
లెక్క సరైనదే, కాని ఆ నకలు మీరు సూచించిన పద్ధతిలోనూ తప్పదు కదా! ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా విండోస్ దృష్టిలో ఇంకో కార్డే. మీరు వద్దంటున్న రెండో కార్డు ఆయన ప్రాసెసర్‌లోనే కూర్చుని ఉంది.

విజయవాడ సభ్యుడు:
ఒప్పుకుంటున్నాను. డబ్బు ఖర్చు కాదన్నదొక్కటే ఇక నా వాదన.

హైదరాబాద్ సభ్యుడు:
నాది ఐ5 12400, చివర ఎఫ్ అక్షరం లేనిది, కాబట్టి గ్రాఫిక్స్ ఉంది. మొదట మదర్‌బోర్డు హెచ్‌డీఎమ్‌ఐలో కేబుల్ పెడితే తెర నల్లగానే ఉండిపోయింది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఐజీపీయూ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్) మల్టీ మానిటర్ అన్న వరుసను ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేశాక రెండు మానిటర్లూ వెలిగాయి. చార్టులు బాగున్నాయి. వీడియోను ఐదో తెర మీదికి లాగినప్పుడు మాత్రం క్షణం సేపు తడబడుతోంది, అందుకని వీడియోలను పాత నాలుగింటి మీదే ఉంచుతున్నాను. జీటీ 710 మళ్లీ అటకెక్కింది.