బీపీ చూసే నర్సులం, ట్రామా థెరపీ కూడా మనమే ఇవ్వొచ్చా?

ఓపీ_సిస్టర్:
తొమ్మిదేళ్లుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. బీపీ, షుగర్, డ్రెస్సింగులు, టీకాలతోనే రోజు గడిచిపోతుంది. నెలనెలా బీపీ చూపించుకోడానికి ఒకావిడ వస్తారు (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను). కఫ్ చుట్టి గాలి కొట్టగానే చెయ్యి కర్రలా బిగుసుకుపోతుంది, చూపు తలుపు మీద నుంచి కదలదు, రీడింగ్ ఎప్పుడూ ఎక్కువే. మందు డోసు ఇప్పటికి రెండుసార్లు పెంచారు. పోయిన నెల కఫ్ విప్పేసి, పక్కన కూర్చుని "ఇలా బిగిస్తే ఇబ్బందిగా ఉందా అమ్మా" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, భర్త అదే చేతిని మెలిపెట్టేవాడని, ఇప్పటికీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తానని చెప్పారు. సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తానంటే "నాకేం పిచ్చి లేదమ్మా, నీకైతే చెప్తాను" అన్నారు.

ఇప్పుడు మా నర్సులకి ట్రామా థెరపీలో, అంటే హింస, ప్రమాదం లాంటివి మనసులో మిగిల్చిన గాయానికి చేసే చికిత్సలో, ట్రైనింగ్ ఇస్తామంటున్నారు. వెళ్లాలనే ఉంది కానీ టెన్షన్‌గా కూడా ఉంది. కట్టు విప్పాక మళ్లీ కట్టడం చేతకాకపోతే ఏం కావాలి ఆవిడ?

మెంటల్_హెల్త్_నర్సు:
సిస్టర్, ముందు ఒకటి చెప్పండి, ఆ భర్త ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడా? ఉంటే థెరపీ మాట తర్వాత, ముందు ఆవిడ భద్రత చూడాలి. దెబ్బలు ఇంకా పడుతున్న మనిషికి ఆ భయం అవసరమే కదా.

ఇక మీ ప్రశ్నకి వస్తే, నేర్చుకుంటే ఇవ్వొచ్చు. కాంగోలో లైంగిక హింసకు గురైన ఆడవాళ్లకి డిగ్రీ ఉన్న సైకాలజిస్టులు కాకుండా ట్రైనింగ్ తీసుకున్న స్థానిక కార్యకర్తలే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (ఘటన గురించి మనసులో పాతుకుపోయిన "తప్పు నాదే" లాంటి ఆలోచనల్ని సరిచేసుకునే పద్ధతి) ఇచ్చారు, పైన నిపుణుల సూపర్విజన్ ఉండేది. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి, మామూలు సహాయం అందినవాళ్లకంటే వీళ్లు బాగా కోలుకున్నారు, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది.

ప్రైమరీ కేర్‌కి సరిపడేలా తగ్గించిన పద్ధతులు కూడా ఉన్నాయి. భయపెట్టే జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ ఎదుర్కొనే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిని అరగంట చొప్పున నాలుగు సెషన్లకి కుదించారు. రిటెన్ ఎక్స్‌పోజర్ అయితే ఐదు సెషన్లు, ప్రతిసారీ అరగంట సేపు పేషెంటు ఆ ఘటన గురించే రాస్తారు, ఏం చూశారు, ఏం అనిపించింది అన్నది వివరంగా. 2018లో దీన్ని పన్నెండు సెషన్ల కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీతో పోల్చి చూస్తే ఏమీ తీసిపోలేదు, మధ్యలో మానేసినవాళ్లు కూడా బాగా తక్కువ. జ్ఞాపకాన్ని తప్పించుకు తిరిగే కొద్దీ భయం ముదురుతుంది, భద్రమైన చోట దాని దగ్గర కాసేపు ఆగగలిగితే అది ఇప్పుడు జరుగుతున్నది కాదని మనసుకి మెల్లగా అర్థమవుతుంది. ఈ ఎక్స్‌పోజర్ పద్ధతులు పనిచేసేది ఇలాగే.

కానీ ఎవరినీ కూర్చోబెట్టి "అంతా చెప్పేయండి, భారం దిగిపోతుంది" అనకండి. ఘటన జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అలా చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత ఆ భయం వదలకుండా వేధించే జబ్బు) ఆగదని ఎప్పుడో తేలింది. ముందు పీసీ-పీటీఎస్‌డీ-5 లాంటి ఐదు ప్రశ్నల స్క్రీనింగ్ చేయండి, గత నెల రోజుల్లో పీడకలలు, తప్పించుకు తిరగడం, ఉలికిపాటు, ఎవరితోనూ కలవలేకపోవడం, తనదే తప్పనుకోవడం, ఇవే అందులో అడిగేది. చచ్చిపోవాలనిపిస్తోందా అని విడిగా, సూటిగా అడగండి. అవునంటే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

కర్టెన్_వెనక:
నేను ట్రైనింగ్ తీసుకున్నాను, అయినా వెళ్లేముందు రెండుసార్లు ఆలోచించమనే చెప్తాను. మాకు ట్రైనింగ్ ఇచ్చారు కానీ టైమ్ ఇవ్వలేదు, గది ఇవ్వలేదు. ఓపీ మధ్యలో కర్టెన్ లాగి సెషన్ చేయాల్సి వచ్చేది. ఒకమ్మాయి మూడు వారాలు తటపటాయించి, నోరు తెరిచి మొదటి వాక్యం చెప్పగానే ఎవరో కర్టెన్ తీసి "సిస్టర్, కాటన్ ఎక్కడుంది" అన్నారు. ఆ అమ్మాయి చున్నీ సర్దుకుని లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఇప్పటికీ నాకు ఆ ముఖం గుర్తొస్తుంది. విన్నవన్నీ నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్లి నిద్రపట్టక దొర్లేదాన్ని, నాకు చెప్పుకోడానికి ఒక్కరూ లేరు. గది, టైమ్, సూపర్విజన్, ఈ మూడూ కాగితం మీద రాసిచ్చాకే ఒప్పుకోండి.

కోలుకుంటున్నా:
నేను పేషెంటుని. యాక్సిడెంట్ అయిన రెండేళ్ల తర్వాత నాకు థెరపీ ఇచ్చింది ఒక నర్సే. మొదటి రోజే "వద్దనిపిస్తే చెయ్యెత్తండి, ఆపేద్దాం" అన్నారు, నేను నాలుగుసార్లు ఎత్తాను, నాలుగుసార్లూ నిజంగానే ఆపారు. అందుకే ఐదోసారి పూర్తిగా చెప్పగలిగాను. గాయానికి డ్రెస్సింగ్ చేసింది కూడా ఆవిడే కాబట్టి కొత్త మనిషికి మళ్లీ మొదట్నుంచీ చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. భయపడి మానుకోకండి సిస్టర్, కానీ పై అక్క చెప్పిన గది మాత్రం అడిగి తీసుకోండి.

ఓపీ_సిస్టర్:
అందరికీ థాంక్స్. ఆయన పోయి చాలా ఏళ్లయిందట, ఇంట్లో ఇప్పుడు భయపెట్టేవాళ్లు ఎవరూ లేరు. టీకాల రోజు కాని ఒక మధ్యాహ్నం, తలుపున్న గది, వారానికోసారి సూపర్విజన్ కావాలని మా డాక్టర్ గారికి రాసిచ్చాను, ఇంకా జవాబు రాలేదు. నిన్న ఆవిడ వచ్చారు. కఫ్ చేతికిస్తే తనే చుట్టుకున్నారు, కుర్చీ తలుపు వైపు తిప్పుకుని కూర్చున్నారు. రీడింగ్ కొంచెమే తగ్గింది. డోసు పెంచేముందు ఈ విషయం కూడా చూడమని డాక్టర్ గారికి చెప్పనా అని ఆవిడనే అడిగాను, చెప్పమన్నారు.