సమస్య: ఆవ మొక్క పూచె నాకసమున

నిర్వాహకుడు, నల్లకుంట: ఈ ఉదయం పోపు గిన్నెలో ఆవాలు చిటపటలాడుతూ ఎగిరిపడుతుంటే ఈ పాదం తట్టింది. పూరించండి.

సైదాబాద్ సభ్యుడు:

పుడమి పట్టు వీడి పోయిన నౌకలో
కింద మీద లేని గేహమందు
విత్తు దాల్చు వఱకు వీడక యూపిరి
ఆవ మొక్క పూచె నాకసమున

ఆవాల కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క 1982లో సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో పూచి, గింజ కట్టింది. అంతరిక్షంలో ఆ పని చేసిన తొలి మొక్క అదే కనుక, పాదాన్ని ఎక్కడా విరవకుండా ఉన్నదున్నట్లే పూరించాను.

మల్కాజిగిరి సభ్యుడు: సైదాబాద్ వారి ‘కింద మీద లేని గేహము’ చాలా బాగుంది. అయితే అది ఆవ మొక్క కాదు, ఆవకు చుట్టం మాత్రమే. దాని గింజ పొడవు అర మిల్లీమీటరు. అరచేతిలో ఆవగింజ పక్కన పెడితే ధూళి రేణువులా కనిపిస్తుంది. అపోలో యాత్రలు తెచ్చిన మట్టిలో అదే మొక్కను మొలిపించారని 2022లో వెల్లడైన సంగతితో నా పూరణ:

చందమామ మట్టి చట్టిలో తలయెత్తు
వింత మొలక జూడ వేడుక మీఱ
మన్ను మిన్ను కలిపి మఱపించె నౌరౌర
ఆవ మొక్క పూచె నాకసమున

సైదాబాద్ సభ్యుడు: రెండవ పాదంలో ‘వేడుక’ దగ్గర గణం తప్పింది. అంతకన్న పెద్ద లోపం అర్థంలో ఉంది. ఆ మొలకలు పెరిగింది ఫ్లోరిడాలోని ప్రయోగశాలలో. జన్యువుల పనితీరు పరీక్షించడానికి వాటిని 20 రోజులకే కోశారు. విత్తిన ఆరు వారాలకు మళ్లీ విత్తునిచ్చే మొక్కను పూత దాకా ఉంచనే లేదు కనుక, మీ పద్యంలో ఆకసమూ లేదు, పూతా లేదు. సంక్రాంతి సమస్యలోనూ తమరు ఆవపూవుకు అయిదు రేకులు పెట్టారు. ఆ కుటుంబపు పూలకు రేకులు నాలుగే. కేసరాలు ఆరింటిలో నాలుగు పొడవు, రెండు పొట్టి.

మల్కాజిగిరి సభ్యుడు: ‘వేడ్క’ అని దిద్దుకున్నాను. అయిదు రేకుల తప్పు నాదే. ఆవ కాదన్న మాట మాత్రం వదులుకోను.

నిర్వాహకుడు, నల్లకుంట: ఆ మాట న్యాయమైనది, లోపం నా పాదానిదే. సైదాబాద్ వారి పూరణకు మొదటి స్థానం ఇస్తున్నాను. ఇక రాయబోయేవారు ‘ఆవ చుట్ట మలరె నాకసమున’ అని మార్చుకొని పూరించినా స్వీకరిస్తాను.