తాతయ్య హెచ్ఎంటీ జనతా: డయల్ అసలుదేనా, ఎవరైనా మార్చేశారా?

నానమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే తాతయ్య వాచీ దొరికింది. హెచ్ఎంటీ జనతా, కీ ఇచ్చే రకం, 17 జ్యువెల్స్ (లోపలి ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు). పాత వాచీల సంగతి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

డయల్ ముదురు నీలం. కానీ 1979లో బాబాయి పెళ్ళి ఫోటోలో తాతయ్య చేతికున్నది తెల్ల డయల్. ఫోటో నలుపు తెలుపే అనుకోండి, అయినా ఇంత నీలం అంత తెల్లగా పడుతుందా? భూతద్దంతో చూస్తే 'జనతా' అన్న హిందీ అక్షరాల అంచులు అలికినట్టున్నాయి. నిమిషాల గీతలు అంకెలకి సూటిగా లేవు. పాత డయళ్ళకి మళ్ళీ రంగేసి అమ్ముతారని తెలుసు, కానీ దీన్ని మేమెప్పుడూ అమ్మలేదే! ఎప్పుడో రిపేరుకిచ్చినప్పుడు మారిందా? లేక ఫోటోలోది వేరే వాచీయా? నానమ్మని అడిగితే "టైం చూపిస్తే చాలదా" అంటోంది.

అదే చూపించట్లేదు. గంటకి పది నిమిషాలు ముందుకి పరిగెడుతోంది. మా ఊరి వాచీ రిపేరు ఆయన వెనక మూత తీసి, హెయిర్‌స్ప్రింగ్ (వాచీ వేగాన్ని అదుపుచేసే సన్నటి స్ప్రింగు) చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయన్నాడు. దిక్సూచి దగ్గర పెడితే దాని ముల్లు కదిలింది. అంటే అయస్కాంతం పట్టినట్టేనా, లేక నూనె జిడ్డు కూడా ఉంటుందా? ముందు అయస్కాంతం తీయించి చూడాలా, నేరుగా మొత్తం విప్పి కడిగించాలా?

డయల్ నకిలీ అని తేలినా మార్చను. తెలుసుకోవాలని, అంతే.