పాత 'అను' ఫాంట్ల ఫైళ్లను లినక్సులో యూనికోడ్‌లోకి మార్చడం ఎలా?

నమస్కారం. హనుమకొండ చౌరస్తా దగ్గర నాకొక చిన్న డీటీపీ షాపు ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడం, నా పాత కంప్యూటరు విండోస్ 11కు సరిపోదని తేలడంతో, విండోస్‌కు బదులుగా 4 జీబీ ర్యామ్‌తోనే నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈని వేసుకున్నాను. ప్రింటరు మొదటి రోజే పనిచేసింది. లినక్సులో తెలుగు టైపింగుకు వాడే ఐబస్, ఎం17ఎన్ సాధనాల ద్వారా తెలుగు యాపిల్ కీబోర్డు కూడా దొరకడంతో వేళ్లకు పాత అలవాటే సరిపోయింది.

చిక్కంతా పాత ఫైళ్లతోనే. పదిహేనేళ్లుగా దాచుకున్న పెళ్లి పత్రికల పాఠమంతా యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా తెలుగును తెలుగుగానే చూపే ప్రామాణిక పద్ధతి) కాని 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నందున, లినక్సులోని ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీసులో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండవలసిన చోట అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయి. ఒక ఆన్‌లైన్ సాధనంతో మార్చి చూస్తే "లక్ష్మి"లోని మ వత్తు ఎగిరిపోయి "లక్షి" అయింది. పెళ్లికూతురి పేరు అలా అచ్చయితే ఆడపెళ్లివారు ఊరుకుంటారా?

వత్తులు చెడకుండా, నెట్ లేకుండానే, ఒకేసారి వందల ఫైళ్లను మార్చగల సాధనం మీలో ఎవరైనా స్వయంగా వాడి ఉంటే దయచేసి తెలుపగలరు. అది కుదరని పక్షంలో, పేజీలు కూర్చే విండోస్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌ను వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములను లినక్సులో నడిపే సాధనం) నడపడం మేలా, లేక వర్చువల్‌బాక్సులో (కంప్యూటరు లోపలే ఇంకో కంప్యూటరులా పనిచేసే సాఫ్ట్‌వేర్) పాత విండోస్‌ను నెట్‌కు కలపకుండా ఉంచుకోవడం మేలా? రెండో మార్గానికి నా 4 జీబీ చాలదేమోనని అనుమానం. ముహూర్తాలు మొదలయ్యేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.