‘అయిన్’లోని కన్ను, ఇంగ్లీషు ‘ఓ’

మంజీర:
చిన్నప్పుడు అమ్మమ్మ చదువుతుంటే విన్న బైబిలు 119వ కీర్తనలో ‘నా కన్నులు క్షీణించుచున్నవి’ అనే మాట రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. అది ‘అయిన్’ అనే హీబ్రూ అక్షరం శీర్షిక కింద ఉన్నట్టు గుర్తు. ఇంగ్లీషు ఓ పుట్టింది ఆ అయిన్ నుంచే, ఆ పేరుకు అర్థమూ కన్నే. కవి కావాలనే అక్కడ కన్ను పెట్టాడా?

గుండ్లకమ్మ:
కావాలనే. 22 హీబ్రూ అక్షరాలు, ఒక్కోదానికి ఆ అక్షరంతోనే మొదలయ్యే వచనాలు 8 చొప్పున మొత్తం 176. 123వది ‘ఏనై’ అనే మొదలవుతుంది, అంటే నా కన్నులు. తొలి అక్షరం అయిన్.

నాగావళి:
తొందరపడకండి. అవే కన్నులు 82వ వచనంలోనూ క్షీణించాయి. అది ‘కాఫ్’ భాగం, ఇంగ్లీషు కే అక్షరానికి మూలం. అక్కడ ‘కాలూ ఏనై’, ఇక్కడ ‘ఏనై కాలూ’. ఉన్న రెండు మాటల్నే ముందువెనకలు చేసి రెండు అక్షరాలకూ సరిపెట్టాడు మహానుభావుడు! తెలుగులో రెండూ ‘క్షీణించుచున్నవి’ అనే ముగుస్తాయి కాబట్టి ఆ పనితనం మనకు కనబడదు. యతి కుదరక మాటలు అటూ ఇటూ జరిపి చూసినవాళ్ళకు అర్థమవుతుంది ఆ ఆనందం.

గుండ్లకమ్మ:
82 సంగతి ఒప్పుకుంటాను. నాకు గుచ్చుకునేది ‘అయిన్’లోని అ. అది అచ్చు కాదండీ, గొంతు లోపల నొక్కి పలికే హల్లు. గ్రీకులకు ఆ ధ్వని లేదు కాబట్టే ఆ అక్షరాన్ని ‘ఒ’కు వాడుకున్నారు.

మంజీర:
మా హైదరాబాదులో నాన్నగారు కళ్ళజోడును ఐనక్ అంటారు. అదీ ఈ కన్నేనా?

నాగావళి:
అదే, అరబ్బీ ఐన్. ఉర్దూలో అలీ, ఇల్మ్, ఉస్మాన్ రాసి చూడండి, మూడూ ఐన్‌తోనే మొదలు. గొంతు హల్లు ఇక్కడివాళ్ళ నోట జారిపోయి అచ్చు మిగిలింది. గ్రీకుల చెవికీ ఇలాంటిదే జరిగి ఉంటుంది.

గుండ్లకమ్మ:
అలీలో అ, ఇల్మ్‌లో ఇ. మరి గ్రీకులు ఒ అనే ఎందుకు పట్టుకున్నారు?

శబరి:
ఒ అన్నప్పుడు పెదవులు గుండ్రం కదా, అక్షరమూ గుండ్రమే.

నాగావళి:
ఆ గుండ్రం గ్రీకులది కాదు, వాళ్ళు అక్షరాలు తీసుకున్న ఫినీషియన్ల దగ్గరే అలా ఉంది. అంతకంటే పాతవైన, ఈజిప్టు సినాయిలోని సెరాబిత్ అల్-ఖాదిమ్ శాసనాల్లో అది అచ్చంగా కన్ను. 1916లో ఈజిప్టు లిపుల పండితుడు గార్డినర్ చదివిన ‘బఅలత్’ అనే దేవత పేరులో రెండో అక్షరం ఆ కన్నే. 1979లో సిరియాలో దొరికిన తెల్ ఫఖరియా విగ్రహం మీద అరామిక్ రాతలో గుండ్రం మధ్య చుక్క ఇంకా ఉంది. కనుపాప!

మంజీర:
మన థ మధ్య చుక్క కూడానా?

గుండ్లకమ్మ:
అశోకుడి బ్రాహ్మీలోనూ థ అంటే గుండ్రం, మధ్యలో చుక్క. కాని లిపుల పండితుడు బ్యూలర్ దాన్ని ‘తేత్’ అనే మరో అక్షరానికి ముడిపెట్టాడు, అయిన్‌కు కాదు. దానికి వేరే పోస్టు పెట్టండి. నాకు ముందు ఆ ‘ఒ’ సంగతి తేలాలి.