ప్యాడ్ కింద టేపు వేయాలా, సెన్సర్ మార్చాలా? పెత్రమాస దగ్గరికొచ్చింది

హన్మకొండ దరువు:
నా దగ్గర 16 ప్యాడ్ల మిడి కంట్రోలర్ ఉంది, అంటే రబ్బరు ప్యాడ్లు కొడితే ల్యాప్‌టాప్‌లోని శబ్దాలు మోగించే పెట్టె. ఐదేళ్లుగా పెళ్లి బరాత్‌లు, గణపతి నిమజ్జనాలు, బతుకమ్మలు అన్నీ దాని మీదే కొడుతున్నాను. ఇప్పుడు కింద ఎడమ మూలన ఉన్న నాలుగు ప్యాడ్లు మెత్తటి దెబ్బను అసలు తీసుకోవట్లేదు, డప్పు శబ్దాలు పెట్టుకున్నది సరిగ్గా ఆ నాలుగింటి మీదే. దెబ్బ బలం 1 నుంచి 127 దాకా అంకెల్లో వస్తుంది కదా, ల్యాప్‌టాప్‌లో చూస్తే పక్క ప్యాడ్ మీద 45 వచ్చే దెబ్బకి వీటి మీద ఏమీ రావట్లేదు. అరచేత్తో గట్టిగా కొడితే 70 వస్తోంది. మొత్తం సెన్సిటివిటీ పెంచి చూశాను, అప్పుడు ఒకటి కొడితే పక్కది కూడా మోగుతోంది. రిపేర్ షాపులో విప్పకుండానే కొత్తది కొనుక్కోమన్నారు. పెత్రమాసకి ఎంగిలిపూల బతుకమ్మ, ఇంకా రెండు వారాలే ఉంది, మూడు చోట్ల అడ్వాన్స్ తీసుకున్నాను, నిద్ర పట్టట్లేదు. కొందరు రబ్బరు కింద టేపు వేయమంటున్నారు, కొందరు సెన్సర్ షీటే మార్చాలంటున్నారు. ఏది కరెక్టు?

కరీంనగర్ స్టేజ్:
టేపు వేయి తమ్మీ, ఆలోచించకు. రబ్బరు ప్యాడ్ అడుగున చిన్న బుడిపె ఉంటుంది, సెన్సర్‌ను నొక్కేది అదే. కొట్టీ కొట్టీ అది అణిగిపోతే దెబ్బ లోపలిదాకా చేరదు. నల్ల ఇన్సులేషన్ టేపు ప్యాడ్ కంటే కొంచెం చిన్నగా కత్తిరించి రెండు పొరలు వెయ్. ఇది మనం కనిపెట్టింది కాదు, ఎంపీసీలు (ఇలాంటి ప్యాడ్లుండే పాత బీట్ మెషీన్లు) వాడేవాళ్లు ఎప్పటినుంచో కింద టేపో కార్కో వేసుకుంటున్నారు. నాది మూడేళ్ల కింద వేశాను, ఇప్పటికీ నడుస్తోంది.

కాజీపేట బెంచ్:
నేను ఒప్పుకోను అన్నా. లోపల ఉన్నది మామూలు స్విచ్ కాదు. రెండు పలుచటి పొరలు ఉంటాయి, ఒకదాని మీద దువ్వెన పళ్ల లాంటి గీతలు, ఇంకోదాని మీద కార్బన్ పూత. వేలు ఆనకపోతే రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, మెగాఓమ్‌లలో ఉంటుంది, నొక్కేకొద్దీ రెండు పొరలు ఎక్కువ మేర అతుక్కుని కిలోఓమ్‌లకు పడిపోతుంది. ఆ పడిపోవడాన్నే మెషీన్ దెబ్బ బలంగా లెక్కగడుతుంది. టేపు వేస్తే ఎవరూ కొట్టకుండానే దాని మీద బరువు ఉన్నట్టు. అంకె పెరుగుతుంది నిజమే, కానీ కింది మెట్లు పోతాయి, 20 కొట్టినా 60 కొట్టినా ఒకేలా వస్తుంది. పైగా మన ఎండలకి టేపు జిగురు కరిగి జారుతుంది, ఇక ప్యాడ్ తనంతట తనే మోగడం మొదలవుతుంది.

కరీంనగర్ స్టేజ్:
జిగురు మాట నిజమే, ఒకసారి మే నెల బరాత్‌లో నాకూ అయింది. అందుకే ఇప్పుడు పలుచటి కార్కు షీటు వేస్తున్నాను. కానీ సెన్సర్ షీటు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో స్విచ్‌లు, వైర్లు, ఐసీలు ఏవైనా దొరుకుతాయి గానీ ఈ మోడల్ షీటు దొరకదు, బయటి నుంచి తెప్పించాలి. రాత్రి పదకొండింటికి బరాత్ మధ్యలో ప్యాడ్ చస్తే పెళ్లివాళ్లకి సెన్సర్ గురించి చెప్పుకోగలమా?

జనగామ డప్పు:
నేను తోలు డప్పు వాయించేవాణ్ణి, ప్యాడ్ ఈ మధ్యే నేర్చుకున్నాను. డప్పుకి రెండు పుల్లలు ఎందుకు? సిర్ర బరువు దెబ్బ, చిటికెన పుల్ల సన్న దెబ్బ. ఆ సన్న దెబ్బలే రెండు బరువు దెబ్బల మధ్య దరువును నడిపిస్తాయి, అవి వినబడకపోతే తీన్మార్ అయినా రేకు డబ్బా కొట్టినట్టే ఉంటుంది. తోలు సల్లబడితే మంట మీద కాస్తాం, సాగిన తోలు మళ్లీ బిగుసుకుని సన్న దెబ్బ తిరిగొస్తుంది. టేపు అలా కాదు, అన్ని దెబ్బల్నీ బరువు దెబ్బలే చేస్తుంది. బతుకమ్మ దగ్గర ఆడవాళ్ల గొంతు, చప్పట్లు ముందు వినబడాలి, మన వాద్యం వాటి వెనక ఉండాలి. 45 వచ్చే ప్యాడ్ కావాలి అక్కడ, 110 కొట్టే ప్యాడ్ కాదు.

కాజీపేట బెంచ్:
దరువు తమ్మీ, ముందు జబ్బు రబ్బరుదా సెన్సర్‌దా తేల్చుకో. విప్పి రబ్బరు షీటును సగం చుట్టు తిప్పి పెట్టు, అంటే కింది ఎడమ మూల పై కుడి మూలకు వచ్చేలా. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు కాబట్టి చాలావాటిల్లో సరిగ్గా కూర్చుంటుంది. జబ్బు రబ్బరుతో పాటు పై మూలకు పోతే రబ్బరుది, ఉన్నచోటే ఉంటే సెన్సర్‌ది. శుభ్రం చేసే ముందే ఇది చెయ్. రబ్బరుకి సబ్బు నీళ్లు చాలు. పెట్రోల్, థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వకు, రబ్బరు ఉబ్బుతుంది. సెన్సర్ మీద మాత్రం పొడి మెత్తటి బట్ట తప్ప ఏదీ పెట్టకు, స్పిరిట్‌తో రుద్దితే పూత లేచిపోవచ్చు.

హన్మకొండ దరువు:
ఆదివారం విప్పాను. ఎనిమిది స్క్రూలు, ఒకటి అడుగున రబ్బరు కాలు కింద దాక్కుని ఉంది, దాన్ని వెతకడానికే అరగంట పట్టింది. షీటు తిప్పి పెట్టి కొడితే మూడు ప్యాడ్ల జబ్బు పై కుడి మూలకు పోయింది, ఒకటి మాత్రం కదల్లేదు, కింద అంచున చివరిది. తర్వాత రబ్బరు వెనక్కి తిప్పి చూస్తే బుడిపెల చుట్టూ గులాబీ రంగులో గట్టి ఉంగరాల్లా ఏదో పేరుకుని ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. గులాల్! నిమజ్జనంలో చల్లింది చేతుల చెమటతో కలిసి అంచు సందుల్లోంచి దిగి గట్టిపడింది, బుడిపెను కిందికి దిగనివ్వట్లేదు. మూడు సార్లు కడిగి ఒక రోజంతా నీడలో ఆరబెట్టాను. అదే మెత్తటి దెబ్బకి ఇప్పుడు ఆ మూడూ 41, 44, 38. చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కరీంనగర్ స్టేజ్:
శభాష్. మిగిలిన ఆ ఒక్కదానికి ఒకే ఒక్క పొర వేసి చూడు. నామాట విను.

కాజీపేట బెంచ్:
వేస్తే వెయ్ గానీ ముందు మల్టీమీటర్ పెట్టి చూడు. వదిలేసినప్పుడే రెసిస్టెన్స్ తక్కువ చూపిస్తే ఆ చోట పొరలు అతుక్కున్నట్టు, టేపు వేస్తే ఇంకా పాడవుతుంది. గట్టిగా నొక్కినా అసలు చూపించకపోతే గీత తెగినట్టు, ఎన్ని పొరలు వేసినా లాభం లేదు.

జనగామ డప్పు:
డప్పు శబ్దాలు మంచి ప్యాడ్ల మీదికి మార్చుకో. చెయ్యి నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది.

హన్మకొండ దరువు:
మీటర్ పెట్టాను, నొక్కితే పడుతోంది గానీ చాలా లేటుగా, బాగా గట్టిగా నొక్కితేనే. అంటే చావలేదు, అరిగింది. కరీంనగర్ అన్న చెప్పినట్టు ఒక పొర వేశాను. మెత్తటి దెబ్బకి 52 వచ్చింది, సంతోషపడ్డాను. కానీ పది నిమిషాలు తీన్మార్ కొట్టేసరికి ఒక్క దెబ్బకి రెండు సార్లు మోగింది, మళ్లీ మోగింది. తీసేశాను. సెన్సర్ షీటు ఆర్డర్ పెట్టాను, సద్దుల బతుకమ్మ అయ్యాకే వస్తుందట. అప్పటిదాకా ఆ ప్యాడ్ మీద చప్పట్ల శబ్దం పెట్టి, దెబ్బ ఎంత బలంగా ఉన్నా ఒకే స్థాయిలో మోగేలా సెట్ చేశాను, కొంచెం గట్టిగా కొడితే చాలు. డప్పు పై వరుసకు ఎక్కింది, నిన్న రాత్రి రెండు గంటలు ప్రాక్టీస్ చేశాను, చెయ్యి ఇంకా పాత చోటికే పోతోంది.

బ్యాంకు, అంటే ప్యాడ్ల మీది శబ్దాల సెట్టు, మార్చే బటన్ కూడా రెండు సార్లు నొక్కితే గానీ పనిచేయట్లేదు. దానికి ఏం చేయాలి?

కాజీపేట బెంచ్:
దాని గురించి టెన్షన్ వద్దు, అది మామూలు చిన్న స్విచ్, గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పాతది వెంట తీసుకెళ్లు, 6 మిల్లీమీటర్ల చదరంలోనే కాడ ఎత్తులు చాలా రకాలు ఉంటాయి. ఎత్తు తేడా వస్తే పై బటన్ ఇరుక్కుపోతుంది. ఇంకోటి, మళ్లీ బిగించేటప్పుడు స్క్రూలు మూల నుంచి ఎదుటి మూలకు కొంచెం కొంచెంగా బిగించు. ఒకే వైపు ముందు బిగిస్తే షీటు ఒక పక్కకి నొక్కుకుని, బాగున్న మూడూ మళ్లీ తేడా చేస్తాయి.