అప్‌డేట్: పవరొట్టికి మొదటి అవకాశం ఎలా వచ్చిందంటే...

ఇటలీ ఒపెరా (పాటలతోనే సాగే నాటకం) గాయకుడు పవరొట్టి పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, స్టేజీ ఎలా ఎక్కాడు అని ఆ మధ్య అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తర్వాత నేనూ కొంత చదివాను.

పుట్టింది 1935లో, ఇటలీలోని మోదెనాలో. నాన్న రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. ఆయనదీ మంచి టెనర్ (మగవాళ్లలో పై స్థాయి) గొంతే, కానీ స్టేజీ అంటే టెన్షన్. కొడుకు 1954లో అర్రీగో పోలా అనే గాయకుడి దగ్గర పాట నేర్చుకోవడానికి చేరాడు. ఇంటి పరిస్థితి తెలిసి పోలా ఫీజు తీసుకోలేదట. తర్వాతి గురువు మాంతువా అనే ఊళ్లో కాంపొగల్లియాని. ఖర్చుల కోసం బడిలో పాఠాలు చెప్పాడు, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మాడు (ఇది మాత్రం నేనస్సలు ఊహించలేదు!).

ఆరేళ్లు నేర్చుకున్నా చేతికి వచ్చినవి చిన్నాచితకా కచేరీలే, అవీ డబ్బుల్లేకుండా. పైగా స్వరతంతువు మీద చిన్న కాయ లేచింది. ఫెర్రారాలో కచేరీ ఘోరంగా పోయింది. ఇక పాట మానేస్తానన్నాడు. చిత్రంగా ఆ తర్వాతే కాయ తగ్గింది, గొంతు విచ్చుకుంది.

1961లో ఒక పోటీ గెలిచి, ఏప్రిల్ 29న రెజ్జో ఎమీలియాలో పుచ్చీని రాసిన 'లా బొహెమ్' ఒపెరాలో నాయకుడు రొడాల్ఫోగా తొలిసారి పాడాడు. 1963లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపెరా హౌస్‌లో ది స్తెఫానో అనే గాయకుడు తప్పుకోవడంతో అదే పాత్ర ఇతనికి దక్కింది.

నాకు బాగా నచ్చింది 1965 ఆస్ట్రేలియా టూర్ సంగతి. ఒపెరా గాయని జోన్ సదర్లాండ్ పాడుతుంటే ఆమె పక్కటెముకల దగ్గర చేయి పెట్టి, ఊపిరిని ఎలా నిలుపుతోందో పట్టి చూసి నేర్చుకున్నాడట.